సవతి నేస్తం

వీపున సంచి తగిలించుకుని అరకు వచ్చే నగరపు అమ్మాయికి స్వేచ్ఛ, సాహసం, ఆత్మాన్వేషణ వంటి మాటలన్నీ ఉదారంగా పంచిపెడతాం. అరకులో కాఫీ పళ్ళు ఆరబోసుకునే ఆడమనిషి ఒక్కతే రైలెక్కితే మాత్రం ‘పనిమీద వెళ్ళింది’ అని ఊరుకుంటాం. ఈ పక్షపాతం నేను సహించలేను. లోయకు పైనున్న ఒక కొండ పల్లెలో కాఫీ, రాగులు పండించుకునే సోని, ఎవరి తోడూ లేకుండా నీలగిరుల్లోని తేయాకు కొండలదాకా వెళ్ళివచ్చింది. ఆమెను అంత దూరం లాక్కెళ్ళింది అసూయ. ఆ సంగతి ఆమె నా దగ్గర దాచలేదు గనుక నేనూ దాచను. పేర్లు మాత్రం మార్చాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

సోనికి కనక నేస్తం. ఆ పల్లెలో నేస్తమంటే ఉత్త స్నేహితురాలు అనుకుంటే పొరపాటు. ఈడొచ్చిన ఏడు చైత్ర పండుగలో, పెద్దల ఎదుట, ఇద్దరూ ఒకరి కొంగులో ఒకరు బియ్యం పోసుకుని గుడ్డలు మార్చుకున్నారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు; ‘నేస్తం’ అనే పిలవాలి. ఒకరింట చావైతే రెండో ఇంట పొయ్యి వెలగకూడదు. రిజిస్టరు కాని ఒప్పందాల్లో ఇంత నిక్కచ్చిగా అమలయ్యేదాన్ని వకీలుగా నేను మరొకటి చూడలేదు. సోని తొలి కాన్పులో, రోడ్డు లేని ఆ కొండ మీంచి డోలీ మోయడానికి మగవాళ్ళు చాలకపోతే, ఆడది మోయకూడదన్న వాళ్ళ నోళ్ళు మూయించి, ముందువైపు కర్రను భుజానికెత్తుకున్నది కనకే. అలాంటి మనిషి ఇంకొకరికి కూడా నేస్తం కావచ్చునా? కావచ్చునని పెద్దలన్నారు. సోని ఒప్పుకోలేదు.

కిందటేడు రైతుల సంఘం ఒకటి కొందరు ఆడవాళ్ళను తేయాకు తోటల పని చూపించడానికి నీలగిరుల్లోని కోటగిరి తీసుకెళ్ళింది. సోని జ్వరంతో ఉండిపోయింది, కనక వెళ్ళింది. వచ్చాక సంతలో ఫోను తీసి, తేయాకు చెట్ల మధ్య తన పక్కన నవ్వుతున్న ఒకావిడను అందరికీ చూపించింది; ఫోనున్నవాళ్ళకల్లా ఆ ఫోటో పంపింది.

“నా నేస్తం. సెల్వి. ఆకు కోత్తంటే సెయ్యి కనబడదు.”

“నేస్తమంటన్నావు, పేరెట్టి పిలుత్తన్నావు. ఏటది?” అంది సోని.

“ఆల దేశంలో పేరంటే తప్పు నేదు.”

“మరి బియ్యం?”

“మన కొండ బియ్యం నాను మూటగట్టి ఇచ్చినాను, అది నాకు సీర ఇచ్చినాది. అయిపోనేదేటి?”

“సీరే! నాకు నువ్విచ్చింది పాత గుడ్డ.”

“అప్పుడు నాకాడ ఇంకోటుందేటి?”

ఆ ఆకుపచ్చ చీరను కనక ప్రతి సంతకూ కట్టింది. అది కనబడిన రోజు సోనికి అన్నం దిగేది కాదు. సంతకు దిగినప్పుడల్లా బస్టాండు దగ్గర తాగే టీ కూడా మానేసింది. చివరికి కార్తీకంలో ఒక ఉదయం, ఊట దగ్గర అందరూ బిందెలు నింపుకుంటుండగా, “కనకా, జరుగు!” అని గట్టిగా పిలిచింది. ఆడవాళ్ళంతా బిందెలు వదిలేసి ఇటు తిరిగారు. కనక సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పేరు పెట్టి పిలిస్తే నేస్తరికం సగం తెగినట్టు. వచ్చే చైత్రంలోగా మళ్ళీ బియ్యం పోసుకుంటే అతుకుతుంది, లేకపోతే రెండు ఇళ్ళూ పరాయివైపోతాయి అని పెద్దలు చెప్పారు. పోసుకోవాలో వద్దో సోనికి తేలలేదు. ముందు ఆ రెండో మనిషిని కళ్ళారా చూడాలనుకుంది.

“సూసి ఏటి సేత్తావే?” అన్నాడు భర్త ధర్మ.

“నాకంటే ఏటెక్కువో సూత్తాను.”

“ఫోటో ఉన్నాది కదేటి.”

“ఫోటో మాటాడతాదేటి?”

సోని అరకులో కిరండూల్ రైలెక్కి దిగువకు వెళ్ళి, విశాఖలో కోయంబత్తూరు బండి పట్టుకుని, అక్కణ్ణుంచి బస్సులు మారి ఘాటెక్కింది. భాష తెలియని చోట ఫోటో చూపించి దారి అడిగింది. చలిగాలి ముఖానికి తగిలేసరికి ప్రాణం లేచి వచ్చిందట. చెట్లన్నీ నడుం ఎత్తుకు కత్తిరించి ఉండడం చూసి మాత్రం “కొండకి గుండు గీసీసినారు” అనుకుంది. ఆ గుండు కొండల మీద కూడా కూలీల ఇళ్ళ గుమ్మాలదాకా రోడ్డుంది. సోని అసూయకు అక్కడ ఇంకో కారణం దొరికింది, ఈసారి పూర్తిగా న్యాయమైనది. డోలీ అన్న మాట తెలియకుండా పిల్లల్ని కనే హక్కు ఒక కొండకు ఉండి మరో కొండకు ఎందుకు లేదో చెప్పవలసినవాళ్ళు చెప్పాలి.

కనక వాళ్ళు బసచేసిన శిక్షణ కేంద్రంలో వంట చేసే సింహాచలం బొబ్బిలి వైపువాడు. సోని మాట వినగానే గరిటె వదిలేసి వచ్చాడు.

“ఏటక్కా, ఒక్కర్తివే వొచ్చీసినావా? మీవోళ్ళేరి?”

“ఎవుళూ నేరు. సెల్వి గావాల.”

“ఏ సెల్వి? ఇక్కడ రాయి ఇసిరితే సెల్వికే తగుల్తాది.”

ఫోటో చూసి అతనే తోటలోకి తీసుకెళ్ళాడు. సెల్వి ఆకు సంచి దించి ఫోను అందుకుంది. ముందు తనను తాను చూసుకుని, లావయ్యానని నవ్వింది. తరువాత పక్కనున్న కనక ముఖాన్ని చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

“సానామంది వొత్తారట. పోల్సుకోలేకపోతందట,” అన్నాడు సింహాచలం.

“సీర ఇచ్చినాది కదా!”

“అవి సెంటరోళ్ళు కొంటారక్కా. వొచ్చిన ఆడోళ్ళందరికీ అదే ఆకుపచ్చ సీర. ఈవిడ సేతుల్మీదుగా ఇప్పిత్తారు, ఫోటో బాగుంతాదని.”

“మరి బియ్యం? మూటగట్టి ఇచ్చినాదే?”

సెల్వికి మూట గుర్తొచ్చింది. ఏదో చెప్పింది. సింహాచలం నీళ్ళు నమిలాడు.

“ఏటన్నాదో సెప్పు.”

“ఎర్ర బియ్యం కదక్కా, ఎలగ ఒండాలో తెలీక… కోళ్ళకేసినాదట.”

ఇంత దూరం వచ్చి సోని వినాలనుకున్న మాట సరిగ్గా ఇలాంటిదే. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ సుఖం కొండ మలుపు దాటేంతసేపైనా నిలవలేదు. “మా నేస్తం బియ్యం కోళ్ళకా?” అని అరిచేసింది. సెల్వికి ఏమీ అర్థం కాలేదు. ఆమె తప్పు కూడా ఏమీ లేదు. ఎవరో నిలబెట్టిన చోట నిలబడి నవ్వడం ఆమె పనిలో భాగం. దూరం నుంచి వచ్చిన మనిషికి ఆకలేసిందనుకుని ఇంటికి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం, సాంబారు పెట్టింది. సోని కోపంతోనే, మెతుకు మిగల్చకుండా తినేసింది.

తిరుగు ప్రయాణమంతా ఊట దగ్గర ఈ మాట ఎలా విప్పాలా అని మనసులో వల్లించుకుంటూనే ఉంది. గెలిపించే సాక్ష్యం చేతికి చిక్కిన కక్షిదారు దాన్ని వదులుకోవడం నేను ఇంతవరకూ చూడలేదు.

ఊరు చేరిన మర్నాడు కళ్ళంలో కాఫీ పళ్ళు తిరగేస్తుంటే కనక వచ్చి దూరంగా నిలబడింది. పాత నేత చీర కట్టుకుంది.

“ఎల్లొచ్చినావంట.”

“ఎల్లొచ్చినాను.”

“సూసినావా?”

“సూసినాను.”

“నన్నడిగినాదా?”

వల్లించుకున్న మాట నాలుక చివర ఉంది. కనక చేతివేళ్ళు కొంగును మెలిపెడుతున్నాయి. అలా మెలిపెట్టడం సోని ఎన్నడూ చూడలేదు.

“అడిగినాది.”

“ఏటని?”

“నేస్తం బాగుందా అని. నాను సెప్తన్నా వినదు, మళ్ళీ మళ్ళీ అదే.”

“బియ్యం ఒండుకున్నాదంటా?”

“పరమాన్నం ఒండుకున్నాదట.”

కనక ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు తాను ముట్టించిందేనని తెలిసి సోనికి మరింత మంటెత్తింది. అబద్ధ సాక్ష్యం చెప్పినవాళ్ళకు శిక్ష అప్పటికప్పుడు పడడం బహుశా అక్కడే సాధ్యం. ఓర్చుకోలేక, ఉన్న ఒక్క నిజాన్నీ బయటికి తీసింది.

“నన్ను ఆలింటికి తీసుకెల్లి, పక్కన కూకోబెట్టి అన్నం ఎట్టినాది.”

“ఇంటికా?” కనక రెండడుగులు ముందుకు వేసింది. “నన్ను ఇంటికి పిలవనేదే!”

“ఏమో మరి.”

“పక్కన కూకున్నాదా?”

“మోకాలికి మోకాలు తగిలేలాగ.”

కనక సోని చేతిలోని కర్ర లాక్కుని పళ్ళు తిరగేయడం మొదలుపెట్టింది.

“సైత్రానికి నీ కొంగులో బియ్యం పోత్తాను, పోయకేటి సేత్తాను. ముందిది సెప్పు. ఏటి కూరొండినాది?”

“సాంబారు,” అంది సోని. కనక కనుబొమలు ముడిపడడం చూసి ఆగలేకపోయింది. “కోడి కూర. దుంపల ఏపుడు. గారెలు. మరి పాయసం…”

పాయసం దగ్గర కనక కర్ర కిందపడేసి సోని ఎదురుగా చతికిలబడింది. “పాయసంలో ఏటేసినాది?”