ఆకలితో పాటు పోయింది

వారానికోసారి ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొత్తల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. షుగర్ వచ్చేలా ఉంది, బరువు తగ్గాలని డాక్టరు రాసిచ్చిన మందు అది. గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాంటీన్‌లో బిర్యానీ గిన్నె మూత తీసినా నాకు నోరూరేది కాదు. పాత చొక్కాలు వదులైపోయి కొత్తవి కొన్నాను. కుర్రాడిలా అయ్యావని టీమ్‌లో అందరూ అన్నారు.

ఇంట్లో సంగతి వేరు. నా భార్య దగ్గరికి వచ్చినా నా ఒంట్లో ఏ కదలికా ఉండేది కాదు. మొదట అలసట అనుకున్నాను. తర్వాత పని ఒత్తిడి అన్నాను. ఆమె చేయి మీద పడగానే ఏదో ఒక సాకు వెతుక్కోవడం అలవాటైంది. ఆమె మీద ప్రేమ తగ్గలేదు. ఒంటికే ఆ ధ్యాస లేకుండా పోయింది. నలభై దాటితే ఇంతేనా, ఇక నా పని అయిపోయిందా అని లోలోపల వణికేవాణ్ణి. ఎవరినడగాలో తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున పుప్పాలగూడలోని మా ఫ్లాట్ బాల్కనీలో ఆమె బట్టలు ఆరేస్తూ, నా కొత్త చొక్కా చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆఫీసులో ఎవరైనా ఉన్నారా?"

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను. కాకినాడ మనిషి, కోపమొస్తే గట్టిగా అరుస్తుంది. ఆ రోజు గొంతు పెంచలేదు. సన్నబడ్డారు, కొత్త బట్టలు కొన్నారు, నన్ను ముట్టుకోవడం మానేశారు, నేనేమనుకోవాలి అంది. ఎవరూ లేరన్నాను. నమ్మలేదు.

"అయితే నేను నచ్చడం లేదా?"

ఆ మాటకు ఇంక దాచలేకపోయాను.

"నీ వల్ల కాదు. నాకసలు ఆ కోరికే రావడం లేదు. ఎందుకో తెలియదు. భయంగా ఉంది."

ఆమె చేతిలోని చొక్కా తీగ మీద ఆరేసింది. ఆ తర్వాత ఎప్పటినుంచి అని అడిగింది. ఇద్దరం వెనక్కి ఆలోచించుకుంటూ వెళ్తే, ఇంజెక్షన్ మోతాదు పెంచిన రోజుల దగ్గర ఆగాం.

మర్నాడు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. నేను నేల చూస్తూ కూర్చుంటే ఆమే చెప్పింది. బరువు తగ్గితే కొందరికి కోరిక పెరుగుతుందని, కొందరికి ఇలా తగ్గుతుందని, మందు వల్లేనని మాత్రం ఖాయంగా చెప్పలేనని ఆయన అన్నారు. ఏం తింటున్నారని అడిగారు. పొద్దున కాఫీ, రాత్రికి కాస్త పెరుగన్నం అన్నాను.

"గింతే తింటే ఒంట్ల శక్తి ఏడికెల్లి వస్తది? జర మంచిగ తినుండ్రి. బ్లడ్ టెస్ట్ చేపిద్దాం. మందు మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు, డోసు నేను తగ్గిస్త."

టెస్టులో పెద్ద లోపమేమీ కనబడలేదు. డోసు తగ్గింది. ఆకలి లేకపోయినా గుడ్లు, పప్పు మింగడం నేర్చుకున్నాను. అయినా వెంటనే ఏమీ మారలేదు. ఆమె పక్కన కూర్చున్న ప్రతిసారీ పరీక్ష హాల్లో ఉన్నట్టు చెమటలు పట్టేవి. "ఊరికే కూర్చోండి, నేనేమీ అడగడం లేదు" అనేది.

వానలు పట్టాక, ఇంటినుంచి పనిచేస్తున్న ఒక మధ్యాహ్నం, నేనే ఆమెను దగ్గరికి పిలిచాను.

మునుపటంత కాకపోయినా కోరిక తిరిగొచ్చింది. బరువు తగ్గడం నెమ్మదించింది. ఇప్పటికీ నా ఫోన్ మోగితే ఆమె ఒక్క క్షణం తలెత్తి చూస్తుంది. ఎవరో నేను వెంటనే చెప్పేస్తాను.