డాక్టరు గారు చూడాల్సిన మార్పు

మా పక్కింటి డాక్టరు గారు పోయారు. పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసి, "అంకుల్ లేరమ్మా" అన్నారు. నేను, మా ఆయన బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా మంచులోంచి పరిగెత్తాం. సాయంత్రం మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చాట్‌లో కబురు పెట్టాను. అనంతపురం నుంచి ఒక బడి మాస్టారు, ఖమ్మం నుంచి ఒక మిరప రైతు, ఇంకా ఎవరెవరో "మా డాక్టరు గారు" అంటూ రాశారు. ఏడుస్తూ చదువుతున్నాను. మధ్యలో నా మనసు ఒక మాట అడిగింది: నేను పోతే ఇంతమంది రాస్తారా? నాకు ఆయనంటే అసూయ. అది దాచిపెట్టి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

ఇంటి బయట చిన్న పరికరం పెట్టుకుంటే గాలి, వాన, ఎండ ఎంతో కంప్యూటర్లో చూపించే సాఫ్ట్‌వేర్ మాది. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. దాన్నెలా వాడాలో తెలుగులో చెప్పే వెబ్‌సైటు కట్టింది నేను. మెనూ నాది, సెర్చ్ నాది, ఫోన్లో చక్కగా కనపడేట్టు చేసిందీ నేనే. మొదట్లో పేజీలు కూడా నావే. కెనడాలో మేముండే హాలిఫాక్స్ గాలికి గొడుగులు తిరగబడటం చూసి ముచ్చటపడి, అంకుల్ ఆ పరికరం ఒకటి కొన్నారు. అక్కడ మొదలైంది నా ఖర్మ.

ఒక శనివారం రమ్మన్నారు. డైనింగ్ టేబుల్ నిండా పరికరం ముక్కలు.

"నువ్వు పైకి చదువమ్మా. నువ్వు చదివిందే చేస్తా, ఇంకేం చెయ్యను" అన్నారు.

"సెన్సర్‌ను అనుసంధానించండి" అని చదివాను.

ఆయన వైరు పట్టుకుని అలాగే కూర్చున్నారు. "దేనికి?"

"కంప్యూటర్‌కి అంకుల్. తెలిసిపోతుంది కదా."

"తెలిసిపోతే నీ పేజీ దేనికమ్మా?"

వంటగదిలోంచి ఆంటీ, "ఆ పిల్లని కాఫీ అయినా తాగనివ్వండి" అన్నారు. కాఫీ చల్లారింది. మేం రెండో వాక్యం దాటలేదు.

ఆయన మత్తు డాక్టరు. పేషెంటును నిద్రపుచ్చే ముందు చెయ్యాల్సినవన్నీ పైకి చదువుకోవడం జీవితమంతా అలవాటు. "మనసులో చదివితే మనకి తెలిసిందే చదువుతామమ్మా" అనేవారు. తర్వాత ఆయనే రాయడం మొదలుపెట్టారు. రాసిన ప్రతి పేజీ ఆంటీ పైకి చదవాలి, ఆయన చేతులు ఆ పని చెయ్యాలి. చేతులు ఆగిన చోట వాక్యం మారేది. "సన్న వైరు తీసుకోండి. దాని చివర నల్లగా ఉంటుంది. ఆ చివర కంప్యూటర్ పక్కనున్న కంతలో పెట్టండి." ఇందులో ఏముంది, నేనూ రాయగలను అనుకునేదాన్ని. కూర్చుంటే వచ్చేది కాదు.

మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే. "డాక్టరు గారూ, మీ వెబ్‌సైటు చాలా బాగుంది." మీ వెబ్‌సైటు! నాకు ఒళ్ళు మండిపోయేది. "సైటు మా పక్కింటమ్మాయిది, నేను మాటలు సర్దుతానంతే" అని ఆయన జవాబిచ్చేవారు. దాంతో ఇంకాస్త మండేది. నేను రాసింది ఒక్క పేజీ చదివి ఎరగని మా ఆయన, అంకుల్ పిలిస్తే మాత్రం ఎగురుకుంటూ వెళ్ళి చదివిపెట్టేవాడు. "ఆయన రాస్తే అర్థమవుతుందే" అన్నాడొకసారి. ఆ పూట వంట మా ఆయన్నే చేసుకోమన్నాను.

నా ఉద్యోగం ఊడిన చలికాలంలో, కొత్త ఇంటర్వ్యూ ముందు నన్ను కూర్చోబెట్టి, నా జవాబులు నాచేతే పైకి చదివించింది కూడా అంకులే. ఆ ఉద్యోగమే ఇప్పుడు మాకు అన్నం పెడుతోంది. అయినా అసూయ తగ్గలేదు.

సైటులో నేనే ఒక కట్టుబాటు పెట్టాను. ఏ పేజీ మార్చినా, దాన్ని రాసినవాళ్ళు చూసి సరే అనాలి. అప్పటిదాకా మార్పు ఆగి ఉంటుంది. నా పేజీలకు ఆయన పంపిన మార్పులన్నీ పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకున్నాను. ఆయన పేజీకి నా మార్పు ఒక్కటైనా వెళ్ళాలని, ఆయన చూసి సరే అనాలని నా కోరిక. ఎంత వెతికినా ఆయన పేజీల్లో తప్పు దొరికేది కాదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక, మొన్న శనివారం మేమూ ఒక పరికరం బిగించుకున్నాం. ఆయన పేజీ నేను పైకి చదువుతున్నాను, మా ఆయన చేస్తున్నాడు.

"గాలి చక్రం బిగించాక, వంటగదిలో కుళాయి పైనున్న కిటికీ తెరిచి, అది తిరుగుతోందో లేదో చూడండి."

మా ఆయన వంటగదిలోకి వెళ్ళి నిలబడిపోయాడు. "కుళాయి పైన కిటికీ ఏదే?"

మా కుళాయి పైన అల్మరా ఉంది. కిటికీ ఉన్నది అంకుల్ వాళ్ళింట్లో. ఆ పేజీని ఆయన తన వంటగదిలోనే చేసి చూశారు, అక్కడ చేతులు ఆగలేదు. అనంతపురం మాస్టారు ఏ కిటికీ తెరిచారో!

"దొరికారు!" అని అరిచాను. ఆయనకు చూపిద్దామని ఫోన్ పట్టుకుని, బూట్లలో కాళ్ళు దూర్చి, తలుపు తీశాను కూడా. చల్లగాలి మొహానికి కొట్టాక గుర్తొచ్చింది.

లోపలికొచ్చి కాసేపు ఏడ్చి, ఆ వాక్యం మార్చి పంపాను. "డాక్టరు గారు చూడాలి" అని పక్కన పసుపు చుక్క వచ్చింది. సైటు నాది. ఒక్క బటన్ నొక్కి ఆయన పేరు తీసెయ్యొచ్చు. తియ్యలేదు. ఇప్పటికీ నా మార్పు ఆయన దగ్గరే ఆగి ఉంది.

ఇది రాస్తూ తలెత్తి చూశాను. ఇంత చలిలో పక్కింటి వంటగది కిటికీ తెరిచి ఉంది. ఆంటీ కుళాయి మీదుగా వంగి, తల బయటపెట్టి, గాలి చక్రం తిరుగుతోందో లేదో చూస్తున్నారు.