అందరూ తాగే నీళ్లు

మా ఆయనకు డయాలసిస్ మొదలైన ఏడాది నుంచి అమ్మాయి బడి సంచిలో ఇంటి నీళ్ల సీసా పెడుతున్నాను. అప్పుడు దానికి ఆరేళ్లు. మా ఉద్దానంలో కిడ్నీలు పాడవడానికి నీళ్లే కారణమని మాకెవరూ తేల్చి చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. నేను మాత్రం బోరు నీళ్లు మానేసి ఫిల్టరు చేసిన టిన్ను నీళ్లు కొనడం మొదలుపెట్టాను.

ఆ వయసులో సీసా దానికి గొప్ప. మిగతా పిల్లలు బోరు దగ్గర దోసిలి పడుతుంటే అది ఒక్కతే అరుగు మీద కూర్చుని తాగేదట. ఎవరైనా అడిగితే, "మా నాన్న నాకే కొన్నాడు, నీకియ్యను" అనేదట. తొమ్మిదేళ్లకు నలుగురికీ పంచడం నేర్చుకుంది. సీసా ఖాళీగా వచ్చేది, నాకు సంతోషంగా ఉండేది. పదమూడో ఏట, తండ్రి పోయిన కొన్ని నెలలకు, పెట్టిన సీసా పెట్టినట్టే తిరిగి రాసాగింది.

"బోరు నీళ్లు తాగుతన్నావేటే?"

"అందరూ తాగుతన్నారు."

"అందరి సంగతీ నాకెందుకు?"

"సీసా తీత్తే నవ్వుతన్నారమ్మా. 'ఒలే, మాం రోజూ తాగుతన్నాం, సచ్చిపోనామేటి?' అంటన్నారు."

ఆ మాట అన్న పిల్లకు మా ఇంట్లో జరిగిన చావు గుర్తొచ్చి ఉండదు. మా అమ్మాయికి గుర్తుంది. అయినా వెళ్లి ఆ పిల్ల పక్కనే దోసిలి పట్టింది.

కోప్పడ్డాను, బతిమాలాను. టీచరుతో చెబుతానంటే అన్నం మానేసింది. టెక్కలిలో డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి నవ్వాడు. "దాని ఈడులో నానూ పారబోసీవోడ్నే. నీకు తెల్దు. ఇప్పుడు ఎవుడేటనుకుంటే నాకేటి? దానికీ పోద్ది లేమ్మా." ఆ వయసు దాటిపోతుందనే పుస్తకాల్లోనూ చదివాను. దాటేదాకా ఏం చేయాలో తెలియక రోజూ సీసా నింపుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం అది స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల తల్లి పలాస ఫ్యాక్టరీ నుంచి జీడిపప్పు ఇంటికి తెచ్చుకుని పొట్టు తీస్తుంది. ఆడపిల్లలంతా పళ్లెం చుట్టూ చేరి సాయం చేస్తారు. అమ్మాయిని పిలుచుకు రావడానికి వెళ్లి వీధిలోనే నిలబడ్డాను. భర్త పోయిన ఏడాదంతా ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు. ఎక్కలేదు. ఏడాది దాటాక రమ్మన్నవాళ్లూ లేరు.

"ఏటొదినా, బయటే ఉండిపోనావు? ఏడాదయిపోనాది కదా, లోపలికి రా" అని ఆవిడ చాప మీద చోటు చేసింది.

కూర్చున్నాను. ఇంకొకరి ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మరిచిపోయానని అప్పుడు తెలిసింది. ఆవిడ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"తాగొదినా. టిన్ను నీళ్లు కావు గానీ సల్లగున్నాయి."

పిల్లల చేతులు ఆగాయి. మా అమ్మాయి తలెత్తి నన్నే చూస్తోంది. వద్దంటే, మీది రోగపు ఇల్లు అన్నట్టు. దాహం లేదన్నా అంతే. మా ఊళ్లో ఇప్పుడు ఆ అబద్ధానికి అర్థం అందరికీ తెలుసు. "వద్దని ఒక్క మాట సెప్పలేవేటే?" అని దాన్ని రోజూ అడిగేదాన్ని.

తాగాను. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాను.

"నాకూ ఇయ్యత్తా" అంది మా అమ్మాయి.

ఆవిడ గ్లాసు తీసుకుని నా వైపు తిరిగింది. "ఇమ్మంటావా ఒదినా?"

"ఇయ్యి" అన్నాను.

అది సగం తాగి, మిగతా సగం పక్క పిల్లకు అందించింది.