తిరిగి వస్తానని రాసిచ్చిన టీచరుగారు

గత ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన ముగించుకుని వచ్చి కాసేపు నడుం వాల్చిన మా కృపావతి టీచరుగారు ఇక లేవలేదు. కబురు విన్నప్పుడు నేను కుట్టుమిషను తొక్కుతున్నాను. కాలు ఆగిపోయింది. ముందురోజు సాయంత్రమే నా వ్యాసంలో మూడు తప్పులు పట్టుకుని పకపకా నవ్విన మనిషి!

మూడు దశాబ్దాలు తెలుగు బోధించి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, చదువు మధ్యలో ఆపేసిన మా ఆరుగురు స్త్రీలను చేరదీసి పదో తరగతికి సిద్ధం చేసిన విద్యాదాత ఆమె. రొయ్యల షెడ్డులో పనిచేసే మరియమ్మకీ, దర్జీనైన నాకూ రాజోలులోని ఆమె వసారాయే విద్యాలయం. "సంధంటే భయమెందుకమ్మా? రెండు మాటలు దగ్గరైతే కాస్త సర్దుకుంటాయి, అంతే" అనేవారు.

ఆమె ఏకైక సోదరి సుగుణమ్మగారు ఐర్లాండులో నర్సు. అప్పటికి అక్కచెల్లెళ్ళు కలుసుకుని పదకొండేళ్ళు. కిందటేడు చెల్లెలికి మనవరాలు పుట్టింది. అక్క పేరే పెట్టుకున్నారు. ఆ పసిపాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని టీచరుగారు ఉవ్విళ్ళూరారు. కానీ ఒక ఏజెంటు పెట్టిన వీసా దరఖాస్తు తిరస్కృతమైంది. గడువు ముగిశాక ఆమె స్వదేశానికి తిరిగివెళ్తారన్న నమ్మకం వీసా అధికారులకు కలగలేదట. దరఖాస్తు నకలు తెప్పించి చదివితే, ఆమెకు నాలుగెకరాల కొబ్బరితోట ఉన్నట్టు అందులో రాసి ఉంది.

"నాకు లేని తోట రాసేరేంటండీ?"

"అందరికీ అలాగే రాస్తామండి" అన్నాడు ఏజెంటు.

"ఆయ్, అందుకే సున్నా" అంటూ ఎర్రసిరాతో పదికి సున్నా వేసి, ఆ కాగితం అతని చేతికే ఇచ్చేశారు.

రెండోసారి లేఖ తానే తెలుగులో రాసి, ఇంగ్లీషు మాస్టారి చేత అనువాదం చేయించారు. తోట సంగతి అబద్ధమని ముందే ఒప్పుకున్నారు. "నాకున్నవి పింఛను, రెండు గదుల ఇల్లు, ఆరుగురు విద్యార్థినులు. వారి పరీక్షకు నెల ముందు నేను రాజోలులో ఉండాలి. ఉంటాను" అని రాశారు. కింద మేమంతా సంతకాలు చేశాం.

"మీరు రాకపోతే మా గతేంటండీ?" అంది మరియమ్మ.

"రాకపోతే నాకు తోచొద్దటే, పిచ్చిపిల్లా!"

వీసా వచ్చింది! పాస్‌పోర్టు పట్టుకుని వీధంతా తిరిగి చూపించారు. మరియమ్మ పూతరేకులు పంచింది. నేను కుట్టిన కోటు వేసుకుని విమానమెక్కిన ఆ మహాతల్లి అక్కడినుంచి ఫోనులో, "ఇక్కడ ఎండ కూడా సెలవుల్లోనే వస్తుందర్రా!" అని నవ్వించారు. పాపను ఒళ్ళో పెట్టుకుని ఫోనులోనే మాకు సమాసాలు చెప్పారు. అది ఏడిస్తే, "ఇదిగో, ఏడో విద్యార్థిని" అని పరిచయం చేశారు.

చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే వచ్చేశారు. మేము ఆరుగురమూ ఉత్తీర్ణులమయ్యాం. మర్నాడే ఇంటర్ పుస్తకాలు తెప్పించారు.

అంత్యక్రియలకు వచ్చిన సుగుణమ్మగారు మమ్మల్ని మునుపెన్నడూ నేరుగా చూడలేదు. అయినా ఒక్కొక్కరి చేయీ పట్టుకుని పేరుపేరునా పలకరించారు. "అక్క అక్కడున్నన్నాళ్ళూ మీ మాటలే చెప్పిందమ్మా" అని ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. "చదువు ఆపకండి."

నిన్న నాలుగింటికి మేమంతా వసారాలో పుస్తకాలు తెరిచాం. ఎదురుగా ఆమె కుర్చీ ఉంది. ఆ కుర్చీకి నమస్కరించి పాఠం మొదలుపెట్టాం. అందులో కూర్చునే అర్హత మాలో ఎవరికీ లేదు. ఎంత చదివినా రాదు.