సున్నం లేని గోడ దగ్గరికి మామా కబీరాతో

గల్ఫ్ యుద్ధం ఆగిన మరుసటి ఏడాది తాయిఫ్‌లో ఒక ఇంట్లో పనికి చేరాను. కాగితం మీద నా ఉద్యోగం ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి. చేసింది మాత్రం చూపు మసకబారిన ముసలామెను నడిపించే పని. దానికో పద్ధతి ఉంది. వాళ్ల చెయ్యి మనం పట్టుకోకూడదు, మన మోచెయ్యి వాళ్లకివ్వాలి. అరడుగు ముందు నడుస్తూ మెట్టు ఎత్తెంతో, పల్లమెక్కడో చెబుతూ పోవాలి. ఇంటి యజమానిని బాబా అనేదాన్ని, ఆయన తల్లిని మామా కబీరా అనేదాన్ని.

ఆమె పుట్టింది తాయిఫ్ అవతలి కొండల్లో. వాళ్ల నాన్న సున్నం, మట్టి లేకుండా రాళ్లు పేర్చి ఇళ్లు కట్టేవాడు. మనవడి పుస్తకంలో పెరూ దేశపు పాత కొండ ఊరు మాచు పిచ్చు బొమ్మ, అక్కడి సున్నం లేని రాతిగోడ చూసిన రోజు నుంచి, చూపు పూర్తిగా పోకముందే ఆ గోడ తాకి రావాలని ఒకటే పట్టు. చివరికి బాబా ఒప్పుకున్నాడు. మా కడప డ్రైవర్ మస్తాన్ అన్న నవ్వాడు: "ఈడుండే కొండలు చాల్లేదా పాపా, ఇంగో కొండ ఎక్కేకి పోతాండారు?"

మా పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర, అంటే మమ్మల్ని పిలిపించుకున్న యజమాని దగ్గర ఉండేవి. మా చేతిలో ఉండేది ఇకామా, సౌదీలో ఉండనిచ్చే చిన్న పుస్తకం. పెరూలో కుస్కో అనే ఎత్తైన కొండల మీది ఊరి హోటల్లో కూడా బాబా ఇంటి అలవాటుకొద్దీ నా పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పొద్దున రైలు దగ్గర పోలీసులు అందరి పాస్‌పోర్టులూ చూస్తున్నారు. నేను ఇకామా ఇచ్చాను. ఆ పోలీసు అరబ్బీ అక్షరాలను నిలువుగా, అడ్డంగా తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు. ఎక్కనివ్వలేదు.

మర్నాడే మా తిరుగు విమానం. ఆ రైలు పోతే మామా కబీరా ఆ గోడను ఇక తాకేది లేదు.

"నేను పట్టుకుంటాలే అమ్మా, రా," అన్నాడు బాబా.

"నువ్వు పట్టుకోవు, ఈడుస్తావు. ఈ పిల్ల రాందే నేను కదల్ను," అని ఆమె బెంచీ మీద కూర్చుంది.

"రైలు పోతాది!"

"దాచింది నువ్వే కదా, పరిగెత్తు!"

హోటల్ దగ్గరే, కానీ ఆ ఎత్తులో గాలి పలుచన. తిరిగొచ్చేసరికి ఆయనకు మాట రావడం లేదు. పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. ఈల వేస్తుండగా ఎక్కాం.

రైలు దిగి, బస్సులో కొండెక్కాం. గైడు ఇంగ్లీషులో చెప్పేవాడు, బాబా అరబ్బీలోకి మార్చేవాడు, మధ్యమధ్యలో నేను మెట్లు చెప్పేదాన్ని. అది ఇంకా అనే జాతి రాజొకాయన కట్టించుకున్న ఊరని చెప్పాడు. ఇనుము లేదు, రాయిని రాయితోనే కొట్టి, రుద్ది అమర్చారట. వందేళ్లు తిరగకుండానే జనం వదిలేసి పోయారట.

మామా కబీరా రెండు అరచేతులూ గోడకు ఆనించింది. బొటనవేలి గోరుతో తడుముతూ అడిగింది: "సందేదే?"

"మీ గోరు కిందే ఉంది మామా."

"మా నాయన గోడల్లో బల్లులు కాపురం చేసేవి. వీళ్లు వాటికి జాగా కూడా ఇయ్యలేదు!" అని పకపకా నవ్వింది.

ఏడో తరగతి చదివిన నాకు అంత దూరం చూపించారు, ఆ ఇంటి మేలు మరువలేను. తర్వాత బాబా నా పాస్‌పోర్టు అడగలేదు, పని మానేసి వచ్చేదాకా నా సంచిలోనే ఉంది. ఈ పనికి పోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రయాణమంటే మొదట, నడిపించే మనిషి కాగితాలు చూసుకోవాలి. ఆ మనిషి ఆగిపోతే, మోచెయ్యి పట్టుకున్నవాళ్లూ ఆగిపోతారు.