బానెట్ కింద పసుపు

మా బాపు జీపుకు ఇంజను మార్చలేదు. ఆర్మూర్ చుట్టుపక్కల పాత పెట్రోలు జీపులున్నవాళ్లంతా ఒక్కొక్కరే డీజిలు ఇంజన్లు బిగించుకున్నారు. ఆయన మాత్రం పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్ మీదికి మళ్లించి, ఊరంతా పొగ చేసుకుంటూనైనా పాతదాంతోనే నడిపాడు. మొండి మనిషి. ఆ మొండితనం నాకే వచ్చిందని మా అమ్మ అనేది, నిజమే. బాపు పోయాక ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉన్న జీపును మళ్లీ రోడ్డెక్కించాలనుకున్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. పోయిన సామాను ఆ మోడలుదే, పాతదే వెతికి వేయిస్తాను, ఇంజను మాత్రం బాపుదే ఉండాలి.

ఎందుకంటే ఆ ఇంజను నా కాలికి తెలుసు. పసుపు ఉడికి, ఎండి, పాలిష్‌కు వచ్చే రోజుల్లో బాపు జీపును కల్లంలోకి తెచ్చేవాడు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, టైరు తీసేసి, రిమ్ముకు బెల్టు తగిలించి దాంతో పాలిష్ డ్రమ్మును తిప్పించేవాడు. డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కి పట్టుకోవడం నా పని. ఎక్కువ తొక్కితే బెల్టు ఊడుతుంది, తక్కువ తొక్కితే డ్రమ్ము ఆగుతుంది. కాలు సరిగ్గా అందేది కాదు, సీటు అంచుకు జారి కూర్చునేదాన్ని. వెనక్కి చూసే వీల్లేదు, చప్పుడును బట్టే తొక్కాలి. ఒకరోజు బాపు పక్కకొచ్చి నిలబడి, "నువ్వు తొక్కుతె ఇంజన్ నిమ్మళంగ ఉంటది బిడ్డా" అన్నాడు. మా బాపు నోట మెచ్చుకోలు రావడమంటే మాటలు కాదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా రాలేదు.

ఆ రోజుల్లో డ్రమ్ములో కొమ్ములు పోసేది మా జీపు డ్రైవరు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకు అన్నదమ్ములు లేరు, అతనికే రాఖీ కట్టేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఒక్క ఏడు తప్పలేదు. తర్వాత అతను నిజామాబాద్ రోడ్డు మీద సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పాత జీపు అనగానే ఇటువైపు ఎవరైనా అతని దగ్గరికే పొమ్మంటారు. నేనూ ఇంకో ఆలోచన పెట్టుకోకుండా, ట్రాక్టరుకు కట్టి జీపును అక్కడికే లాగించాను.

బానెట్ ఎత్తి చూపించాను. కల్లంలో ఇంజను వేడెక్కకుండా బానెట్ తెరిచే ఉంచేవాళ్లం కాబట్టి, డ్రమ్ములోంచి లేచిన దుమ్మంతా నూనె జిడ్డుకు అంటుకుని ఇంజను మూలమూలలా పేరుకుపోయింది.

"అన్నా, అంత కడుగు గని, గా మూలలల్ల దుమ్ము మాత్రం ముట్టకు" అన్నాను.

"గది కడుగుతె మీ బాపు పైనుంచి దిగొచ్చి కొడ్తడు చెల్లె" అని నవ్వాడు.

ఇద్దరం కలిసి రెండేళ్లు సామాను వెతికాం. నాకు ముప్కాల్‌లో ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, అతని మోటారుసైకిలు వెనక ఎక్కి ఊళ్లమీద పడేదాన్ని. ఈ వయసులో నీకేం పోయేకాలమని మా ఆయన దెప్పేవాడు. దొంకేశ్వర్‌లో ఒకాయన ఇంటి అరుగు మీద జీపు సీటు వేసుకుని దర్జాగా బీడీ కాల్చుకుంటుంటే, ఆ సీటు లోపలి ఇనుప చట్రం కోసం గంటసేపు బతిమాలాం. ఆలూర్ దగ్గర ఒక చేనులో బోరు మోటారు స్టార్టరు తడవకుండా అచ్చం మా మోడలు బానెటే కప్పి ఉంది. మాది తుప్పు తిని చేతికి పొడిగా వచ్చేది. ఆ చేనుగల ఆడమనిషి గట్టిది. ముందు కొత్త రేకు తెచ్చి కప్పండి, తర్వాతే దాని మీద చెయ్యి వెయ్యండి అంది. ఎర్రటి ఎండలో అతను రేకు నెత్తిన పెట్టుకుని చేను గట్ల మీద నడిచాడు. నేను వెనక నీళ్ల సీసా పట్టుకుని నడిచాను. తోడబుట్టినవాడైనా ఇంత చేస్తాడా అనుకున్నాను ఆ రోజు.

తప్పు నాది కూడా ఉంది. పాత జీపులు పోగుచేసే హైదరాబాద్ మనిషి ఒకడు అప్పుడప్పుడు షెడ్డుకు వచ్చేవాడు. ఒకసారి నేను ఉండగా వచ్చాడు. నా నోరు ఊరుకుంటుందా? బానెట్ నేనే ఎత్తి, ఇది కంపెనీ ఇంజనేనని, బండితోపాటు వచ్చిందని, ఎవరూ మార్చలేదని గొప్పలు పోయాను. అతను వంగి, ఇంజను నంబరు చూసి, సెల్లులో ఫోటో తీసుకున్నాడు. నాకు అప్పుడు గర్వంగానే అనిపించింది.

ఆ తర్వాత ఇంజను మొత్తం విప్పాలని, నెలన్నర పడుతుందని, రోజూ వచ్చి సతాయించొద్దని అన్న చెప్పాడు. సరే అన్నాను. నెలన్నర తర్వాత ఒక సాయంత్రం ఫోన్ చేసి రమ్మన్నాడు. షెడ్డులో వెలుతురు సరిగ్గా లేదు. బానెట్ ఎత్తితే మూలల్లో పసుపు అలాగే కనిపించింది. అది చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అతను నా నెత్తి మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే దొంకేశ్వర్ దారి పట్టాను. బండి బాగా పోతోంది. కాలికి మాత్రం ఏదో కొత్తగా ఉంది. రిపేరైంది కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. నాలుగైదు కిలోమీటర్లు పోయి ఇంజను కాగేసరికి వాసన మొదలైంది. నూనెలో పసుపు మాడితే వచ్చే వంటింటి వాసన. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తాను. ఎండలో చూస్తే ఆ మూలలు కళ్లు చెదిరేంత పచ్చగా ఉన్నాయి. వేలు పెడితే పెళ్లికూతురి చెయ్యిలా అయింది.

పాలిష్ డ్రమ్ము దుమ్ము పచ్చగా ఉండదు. కొమ్ము మీది పొట్టు, మట్టి రాలి లేచే దుమ్ము అది, మట్టిరంగులోనే ఉంటుంది. జిడ్డుతో కలిసి ఎండితే పాత బెల్లంగడ్డ లాగా అవుతుంది, గోరు పెట్టినా రాదు. ఆర్మూర్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు. ఏళ్లపాటు ఆ దుమ్ము మింగిన మనిషికి తెలియకపోవడమేమిటి? ఉద్యోగంలో పడి ఇది మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాడు నన్ను.

బండి తిప్పుకుని నేరుగా షెడ్డుకు వచ్చాను. అతను చాయ్ తాగుతున్నాడు. పచ్చటి వేళ్లు అతని మొహం ముందు పెట్టాను.

"గిది ఎవరింట్ల పసుపన్నా?"

గ్లాసు కింద పెట్టాడు. "మీ వదినె పోపుడబ్బలకెల్లి తెచ్చిన" అన్నాడు.

మరి బాపు ఇంజను ఏదని అడిగాను. పాత ఇంజను పగిలిందని ముందు చెప్పాడు. పగిలిన ముక్క చూపించమంటే ఆ మాట వదిలేశాడు. ఎవరూ మార్చని కంపెనీ ఇంజనే కావాలని హైదరాబాద్ మనిషి వెంటపడ్డాడట. అదే మోడలు ఇంజను ఇంకొకటి తెచ్చి ఇచ్చి, బాపుది పట్టుకుపోయాడట. ఏం ముట్టిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

"ఇంజన్ ఏదైతేంది చెల్లె? బండి మంచిగ నడుస్తుంది గద" అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడివన్నాను, మా బాపు నీకు అన్నం పెట్టాడన్నాను. తలవంచుకుని విన్నాడు. ఇంజను ఎత్తుకుపోయి ఊరుకుంటే దొంగ అనుకుని సరిపెట్టుకునేదాన్నేమో. కానీ బానెట్ ఎత్తగానే నా చూపు ఎక్కడికి పోతుందో ఈ భూమ్మీద తెలిసినవాడు అతనొక్కడే. తెలిసే, కూర్చుని, వేలితో ఆ మూలలకు పసుపు పూశాడు. ముందురోజు నేను ఏడుస్తుంటే నెత్తి మీద చెయ్యి వేసింది ఆ వేళ్లతోనే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా తిట్లన్నీ అయిపోయాక అతను జేబులోంచి సెల్లు తీశాడు. శ్రావణంలో నేను కట్టిన రాఖీ, రంగు వెలిసిపోయి, ఇంకా ఆ చేతికే ఉంది. హైదరాబాద్ మనిషి వీడియో పంపాడట. నన్ను ఊరడిద్దామనుకున్నాడో ఏమో, సెల్లు నా మొహానికి దగ్గరగా పట్టాడు.

"ఇగో, ఇను. గాడ కూడ మంచిగనే ఉన్నది."

బానెట్ తెరిచిన ఎవరిదో జీపు, నిగనిగలాడే పెయింటు. అందులో మా బాపు ఇంజను తిరుగుతోంది. చప్పుడును బట్టి ఒక్క క్షణంలో గుర్తుపట్టాను. ఎవరో ఊరికే గట్టిగా తొక్కుతున్నారు. వాళ్లకు తొక్కడం రాదు. వీడియో అయిపోయింది.

ఆ సెల్లు గుంజుకుని రోడ్డు మీదికి విసిరేయాలి నేను. రాఖీ తెంపేయాలి.

"ఇంకోసారి పెట్టు" అన్నాను.

పెట్టాడు. నా కుడికాలు చెప్పులో దానంతటదే వంగి, మెల్లగా నేలను తొక్కింది. అతను అది చూశాడు.