చివరి బెంచీ

పోలీసు చర్య అయిన కొన్నాళ్లకు నేను నాంపల్లిలో అక్కాబావల దగ్గర ఉంటూ, ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేదాన్ని. బావ క్రైస్తవ మిషను బడిలో పంతులు, మా చర్చి సంఘంలో పెద్ద. నెలకోసారి, ప్రభు భోజనం ఇచ్చే బల్ల ఆదివారం వస్తే ప్రభువు రొట్టె ఉన్న పళ్లెం వరుసవరుసకూ తిప్పేది ఆయనే. తెల్లటి ధోవతి, నూనె రాసి దువ్విన తల, ముఖం నిండా భక్తి. ఆ భక్తిని చూస్తే నాకెందుకో ముందు నుంచీ ఒళ్లు మండేది.

ఆ వానాకాలం అక్క కొడుక్కి జ్వరం తగిలింది. అప్పుడప్పుడే పాకుతున్న పిల్లవాడు. దవాఖాన మందుకు జ్వరం దిగలేదు. ఒక సాయంత్రం బావ దర్గా నుంచి తాయత్తు తెచ్చి అక్క చేతిలో పెట్టి, "కట్టు. ఎవరితోని అనకు" అన్నాడు. అక్క దాన్ని పిల్లవాడి జబ్బకు కట్టింది. ఆ వారంలోనే పిల్లవాడు పోయాడు.

స్నానం చేయించడానికి వచ్చిన సంఘం ఆడవాళ్లు తాయత్తు చూశారు.

"గిదేంది? ఎవరు కట్టిన్రు?"

"నేనే" అంది అక్క.

బావ గుమ్మంలోనే ఉన్నాడు. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, మా బావ మౌనం నిండు అబద్ధం.

తాయత్తులు నమ్మడం లాంటి తప్పు చేసినవాళ్లను మా సంఘంలో బల్లకు దూరంగా చివరి బెంచీలో, చంటిపిల్లల తల్లుల పక్కన కూర్చోబెట్టేవారు. బల్లకు ముందురోజు జరిగే సిద్ధపాటు కూటంలో లేచి ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకునేవారు. అక్క లేవలేదు. పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి. ఇంటికి వచ్చి, "దేవుడు కోపం పట్టుకొని కూసోడమ్మా. ఒక్క మాట చాలు" అన్నారు.

ఆయన వెళ్లాక నేను ఆగలేకపోయాను. "చెప్పెయ్యరాదే అక్కా."

"సగం చెప్పి ఆ రొట్టె ఎట్ల ముట్టుకుంట? మొత్తం చెప్తే మీ బావ పెద్దరికం పోతది, కొలువు పోతది. దేవునికి నా మీద కోపమొచ్చింది చెల్లే. ఉండనియ్యి."

కడుపుకోత చాలదన్నట్టు, దేవుడికి కూడా కానిదాన్నయ్యానని నమ్మింది. నాకు ఏడుపు ఆగలేదు. బావను నాలుగు మాటలు కడిగేద్దామంటే, ముందే నా చేత ఒట్టు వేయించుకుంది.

బల్ల ఆదివారం వచ్చినప్పుడల్లా బావ పళ్లెంతో చివరి బెంచీ దాకా వచ్చి, అక్కను దాటి వెనక్కి మళ్లేవాడు.

క్రిస్మస్ ముందు వచ్చిన బల్ల ఆదివారం కూడా అలాగే వచ్చాడు. అప్పుడు అక్క పక్కన ఎవరిదో చంటివాడు ఏడుపు అందుకున్నాడు. అక్క చూపు నేల మీదే ఉంది గానీ, చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే ఖాళీ ఒడిని జోకొట్టసాగింది.

బావ అది చూశాడు. అక్కడే నిలబడిపోయాడు. పళ్లెం ఇంకో పెద్దమనిషి చేతికిచ్చి, అందరికీ వినబడేలా, "తాయత్తు తెచ్చింది నేను. ఆమె కట్టింది, గంతే" అని అక్క పక్కన కూలబడ్డాడు. ఆ రోజు ఇద్దరికీ రొట్టె లేదు.

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు, "నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు బావ. నాంపల్లి స్టేషను దగ్గర అక్క ఆగి ఆయన వైపు తిరిగింది.

"దేవుడు మాట్లాడకుంటే ఓర్చుకున్న. నువ్వు మాట్లాడకుంటే ఓర్వలేకపోయిన."

ఆ మాటకు బావ రోడ్డు మీదే ఏడ్చాడు. నా కోపం అక్కడితో కొంత చల్లారింది, పూర్తిగా కాదు.

బావ పెద్దరికం పోయింది, కొలువు మిగిలింది. ఎండాకాలానికి ఇద్దరినీ మళ్లీ బల్లకు చేర్చుకున్నారు. పాస్టరు అయ్యగారు పిలిస్తే అక్క ముందుకు వెళ్లి రొట్టె తీసుకుంది, కళ్లు తుడుచుకుంది, తిరిగి వెళ్లి ఆ చివరి బెంచీలోనే కూర్చుంది. నా పక్కన చోటుందని సైగ చేశాను. రాలేదు. బయటికి వచ్చాక, ఇంకా అక్కడెందుకని అడిగాను.

"గాడైతే పిల్లలుంటరే" అంది.